రెండో అంతస్తు రైలు

డెల్టాలో కొండ ఉండదు.
రెండు బారలు తవ్వితే నీళ్ళు,
ఇంకో రెండు తవ్వితే ఉప్పు.
అయినా కాకినాడ నడిబొడ్డున ఒక కొండ ఉంది,
పొడుగ్గా, సన్నంగా,
రెండు సిమెంటు గోడల మధ్య పడుకోబెట్టిన కొండ.
దాని వీపు మీద రైలు ఆగుతుంది.

మునుపు పట్టాలు నేలమీదే ఉండేవి,
దారికడ్డంగా పడుకుని లేవని గేదెలా.
గేటు పడితే ఊరు రెండు ముక్కలు:
పెళ్ళికొడుకు ఇటు, సన్నాయి అటు,
నొప్పులు ఇటు, పెద్దాసుపత్రి అటు.
గేటు చక్రం మా నాన్న చేతిలో.
గేటు దావీదంటే
కలెక్టరు జీపైనా ఆగాల్సిందే.
తిట్లన్నీ ఆయనకే.
బేరమంతా నూకరత్నానిది,
ఆగిన పది నిమిషాల్లో
బాణలి ఖాళీ అయిపోయేది.
"దావీదూ, బండి ఇంకాస్త లేటవ్వాలని ప్రార్థన చెయ్యవయ్యా"
అని, నాకో పునుగు ఊరికే ఇచ్చేది.

ఒక వేసంగిలో కొలతలవాళ్ళొచ్చారు.
గోడలమీద సున్నంతో అంకెలు వేశారు,
మా ఇంటికి పదిహేడు.
తరవాత లారీలు.
పెద్దాపురం మెట్టనుంచి ఎర్రమట్టి
రాత్రీ పగలూ నల్లమట్టి ఊళ్ళోకి దిగింది.
ఏడాదిపాటు ఆరేసిన పంచెలన్నీ చెంగావి పంచెలే.
పోసిన కట్ట వానాకాలానికి కుంగింది,
మళ్ళీ పోశారు, మళ్ళీ కుంగింది.
మేస్త్రీ కన్నప్పడు మా అరుగుమీద చుట్ట కాలుస్తూ
"ఈ నేల ముందు మింగుతాదండి,
కడుపు నిండాకే మోస్తాది" అన్నాడు.

నిండింది కాబోలు.
రైలు మేడెక్కింది.
నాన్న చక్రాన్ని విప్పి
పాత ఇనుము లెక్కలో రాసుకుపోయారు.

ఇప్పుడా కొండ కింద టికెట్ల కిటికీ నాది.
ఎడమవైపు సైకిల్ స్టాండు,
కుడివైపు మెట్లు, ముప్పై ఎనిమిది,
ఇరవయ్యో మెట్టు దగ్గర మలుపు.
మలుపుదాకా మురుగు వాసన,
మలుపు తిరిగితే సముద్రం.
పైనుంచి చూస్తే కొబ్బరిచెట్లకి మొండెం ఉండదు,
తలలు మాత్రమే, గాలికి ఏదో ఒప్పుకుంటున్నట్టు.
డాబాలన్నీ ప్లాట్‌ఫారం ఎత్తున,
ఎవరి వడియాలు ఎండాయో, ఎవరి కోడలు అలిగిందో
కిటికీ సీటుకి తెలిసిపోతుంది.
దూరంగా హార్బరు క్రేన్లు,
మెడలు చాచి దేనికోసమో చూస్తూ.

నాకవేవీ కనపడవు.
నా తలమీద ఇరవై అడుగుల మెట్టమట్టి.
రైళ్ళని నేను టీగ్లాసులో చూస్తాను.
సన్నగా ఒక వలయం లేస్తే గూడ్సు సామర్లకోటలో కదిలిందని
బడాయి కొడతాను గానీ,
వలయాలు మీదమీద పడితే మాత్రం గౌతమే.
గౌతమి మా ఊరికి రెండు దారుల్లో వస్తుంది,
ఒకటి కాలవలో, కిందనుంచి, చప్పుడు చెయ్యకుండా,
ఒకటి రోజూ పొద్దున్న, నెత్తిమీదనుంచి.

నాన్న ఒక్కసారీ ఆ మెట్లెక్కలేదు.
మోకాళ్ళనేవాడు.
గేటున్న చోట కట్టకి కంత పెట్టి రోడ్డు వేశారు,
సాయంత్రాలు దాని మొగలో నిలబడేవాడు.
ఆగకుండా పోయే ఆటోల్ని చూస్తూ
కుడిచెయ్యి దానంతటదే కొంచెం తిరిగేది.

ఆ కార్తీకంలో వాయుగుండం.
మూడురోజుల వాన, పోటు సముద్రం,
కాలవ వెనక్కి తన్నింది.
కంతలో పీకల్లోతు నీళ్ళు, కరెంటు లేదు.
బురదనీటికి లోతుంటుందని
హెడ్‌లైట్లకేం తెలుస్తుంది?
తాళం వేసి బయటికొచ్చేసరికి
మొగలో ఎర్రదీపం.
పాత లాంతరు, అద్దం పగిలినచోట నా పరికిణీ గుడ్డ.
గోనెసంచి గుడిసెలా కప్పుకుని
మోకాలిలోతులో మా నాన్న,
అటు బస్సు, ఇటు రెండు లారీలు, ఒక పెళ్ళివ్యాను.
"ఎంతసేపయ్యా దావీదూ" అని ఎవరో అరిచారు.
ఎన్నేళ్ళయిందో ఆ పేరుతో ఆయన్ని తిట్టి.

"లైన్ క్లియర్ రాలేదండి,"
అన్నాడు నాన్న నీళ్ళవైపు చూపిస్తూ,
"బండి ఇంకా వెళ్తూనే ఉంది."

నూకరత్నం బతికుంటే
ఆ రాత్రి బాణలి పెట్టేది.